నా చావు నేనే చస్తాను

జూన్ 4

ఇవాళ నాకు ఫోటో తీశారు.

ఫోటో తీస్తే ఏం కొంప మునిగిందని ఎవరైనా అడగొచ్చు. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి అడిగేవాళ్ళు లేరు. సీరియల్లో ఐదేళ్ళుగా చేస్తున్న మనిషిని పక్కకు పిలిచి, తెల్ల గోడ ముందు కుర్చీ వేసి, ఒక్కదాన్నే కూర్చోబెట్టి తీశారు. "పబ్లిసిటీకమ్మా" అన్నాడు ఫోటోగ్రాఫరు. నేను గడ్డం పైకెత్తి, కళ్ళెర్రజేసి చూశాను. "అలా వద్దమ్మా, కొంచెం శాంతంగా చూడండి" అన్నాడు. శాంతంగానట! ఐదేళ్ళుగా నడుముకు తాళాలగుత్తి దోపుకుని ఇంటిల్లిపాదినీ గడగడలాడించే అత్తగారిని నేను. అలాంటిదాని పబ్లిసిటీకి శాంతం ఎందుకో చెప్పమనండి.

మేకప్ తమ్ముడు అద్దంలో నా వైపు చూడలేదు. నాటకాల రోజుల నుంచీ నా ముఖానికి రంగు వేస్తున్నవాడు అతనే. రోజూ తోడల్లుడి మీద చాడీలు చెబుతూ పౌడరు అద్దేవాడు, ఇవాళ నోరు మెదపలేదు.

"ఏంటి తమ్ముడూ, మాట్లాడవు?"

"ఏం లేదక్కా. పన్ను నొప్పి."

పన్ను నొప్పీ కాదు, పాడూ కాదు. మా సీరియళ్ళ వాళ్ళందరికీ తెలిసిందే. ఒక్కరినే కూర్చోబెట్టి శాంతంగా ఫోటో తీశారంటే గోడెక్కిస్తున్నారని అర్థం. హాలు సెట్టులో సోఫా వెనక గోడకు మేకు కొడతారు. ఫ్రేము తగిలిస్తారు. ఇక ఆ పాత్ర చచ్చినట్టు. మనిషితో పని లేదు, కథ మాత్రం ఆ ఫోటో ముందు ఇంకో మూడేళ్ళు ఏడుస్తూ నడుస్తుంది.

నన్నెందుకు గోడెక్కిస్తారు? నా తప్పేమిటి? ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళానా, ఒక్క డైలాగు తడబడ్డానా? పోయిన నెల సెట్టులో కాలు తట్టుకుని పడ్డాను, నిజమే. ఆ రగ్గు అంచు లేచి ఉంది. రగ్గును తిట్టాలి గానీ నన్ను కాదు.

జూన్ 5

మేకు కొట్టారు. కళ్ళారా చూశాను.

జూన్ 6

దర్శకుడి గదికి వెళ్ళాను. తలుపు తట్టలేదు. అతనికి ముప్పై రెండేళ్ళు ఉంటాయి. అతను ఉయ్యాల్లో ఉన్నప్పటికే నేను పోటీల్లో రెండుసార్లు ఉత్తమ నటిని.

"నన్నెలా చంపుతున్నావు బాబూ?" అని అడిగాను.

అతను కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. "అమ్మా, ముందు కూర్చోండి."

"కూర్చోను. ఎలా చంపుతున్నావో చెప్పు."

"మీరు మీ చెల్లెలి ఇంటికి బయలుదేరతారు. దారిలో కారు ప్రమాదం. ఇంటికి ఫోనొస్తుంది. కోడలు ఎత్తుతుంది, ఫోను చేతిలోంచి జారిపోతుంది. అక్కడితో ఆ రోజు ఎపిసోడ్ అయిపోతుంది."

"మరి నేను?"

"మీరు... ఆ సీన్లో ఉండరమ్మా."

నా చావులో నేను ఉండను. ఇంతకన్నా విడ్డూరం ఉందా?

"ఈ కథలో నాకు చెల్లెలే లేదు కదయ్యా. ఐదేళ్ళలో ఒక్కసారైనా దాని ఊసెత్తామా? నన్ను చంపడానికి పుట్టించారా దాన్ని?"

"రైటర్ గారు కలుపుతారమ్మా."

కలుపుతాడు. వాడి సొమ్మేం పోయింది. నేను అడిగింది ఒక్కటే. చంపండి, వద్దనను, కథ మీది. కానీ నన్నే చావనివ్వండి. ఒక మంచం, ఒక సీను, పది నిమిషాలు. అతను ఛానల్ వాళ్ళంటాడు, షెడ్యూలంటాడు. నా ముఖం చూసి మాత్రం ఒక్కమాట చెప్పడు, నా చేతుల వైపు చూసి చూపు తిప్పుకుంటాడు. నేను చీర కొంగు సర్దుకున్నాను.

ఇది అర్థం కావాలంటే నా సంగతి తెలియాలి. నాకు తెలుసు కాబట్టి రాయనక్కర్లేదు. అయినా రాస్తాను, ఒళ్ళు మండుతోంది.

ముప్పై ఏళ్ళు నాటకాల్లో ఉన్నాను. మా ట్రూపు పేరు చెబితే మూడో అంకం గురించి అడిగేవాళ్ళు. మూడో అంకంలో నేను చచ్చిపోతాను. లెక్కపెట్టినవాళ్ళు చెప్పిన మాట, పదకొండు వందల సార్లు చచ్చాను. పడితే పడ్డట్టే, రెప్ప కదిలేది కాదు. ఒకసారి ఈగ వచ్చి ముక్కు మీద కూర్చుని, పెదవి దాకా నడిచి, మళ్ళీ ముక్కెక్కింది. ముందు వరసలో ఆవిడెవరో "అయ్యో, నిజంగానే పోయినట్టుంది" అని లేచి నిలబడింది. లైట్ల దగ్గర ఆయన ఉండేవారు. అప్పటికి ఇంకా మొగుడు కాదు, లైట్లాయన అనేవాళ్ళం. నేను పడిపోయాక వెలుగు నిదానంగా తగ్గించేవారు. పూర్తిగా చీకటి పడేదాకా హాలంతా ఊపిరి బిగబట్టేది. అంత చీకటి చేసి ఇచ్చిన మనిషిని కాదనలేక పెళ్ళి చేసుకున్నాను.

అవేవీ ఇప్పుడు ఎక్కడా లేవు. నాటకం ఆ పూటకే. చూసినవాళ్ళు కూడా ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

ఇక సినిమాలు. పద్నాలుగు చేశాను. పదింటిలో హీరో తల్లిని. వాటిలో నాలుగింటిలో చచ్చిపోతాను, నాలుగూ తెర వెనకే. ఒకదానిలో మాత్రం నిజంగా చావు సీను తీశారు, బ్రహ్మాండంగా వచ్చింది, కెమెరా అతను కళ్ళు తుడుచుకున్నాడు. సినిమా విడుదలయ్యాక చూస్తే ఆ ముక్క లేదు. హీరో రైలు దిగుతాడు, పాలవాడు ఎదురొచ్చి "అమ్మ పోయింది బాబూ" అంటాడు. నా రెండు రోజుల పని పాలవాడి ఒక్క మాటకు సరిపోయింది.

అందుకే అడుగుతున్నాను. తెర మీద ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా చావు నేనే చస్తాను. అది రికార్డులో ఉండాలి. ఇది గొంతెమ్మ కోరికా?

జూన్ 7

ఇదంతా చిలక పని అని నాకు గట్టి అనుమానం.

చిలకంటే సీరియల్లో నా చిన్న కోడలు. కథకు హీరోయిన్. గలగలా మాట్లాడుతుందని మొదటి వారంలోనే నేను పెట్టిన పేరు, ఇప్పుడు సెట్టంతా అలాగే పిలుస్తుంది. పిల్ల చెడ్డది కాదనుకునేదాన్ని. ఏడాదిగా చూస్తున్నాను, ప్రతి సీన్లోనూ వచ్చి నా పక్కన చేరుతుంది, నా చెయ్యి పట్టుకుంటుంది. కథలో మేమిద్దరం ఉప్పూ నిప్పూ! కోడల్ని తిట్టే అత్త చేతిని కోడలు పట్టుకుని కూర్చోవడం ఏమిటి? ఫ్రేములో జాగా కొట్టేయడానికి. నా మీద క్లోజప్ పడితే అందులో దాని వేళ్ళు ఉంటాయి. ఒకసారి విదిలించాను. మళ్ళీ పట్టుకుంది.

నన్ను గోడెక్కిస్తే ఇల్లంతా దానిదే.

జూన్ 9

చిలక కాదు.

మధ్యాహ్నం మేకప్ తమ్ముణ్ణి మూలకు లాగి నిలదీశాను. పన్ను నొప్పి ఎక్కడ, చూపించు, నోరు తెరువు అన్నాను. పాపం తెరిచాడు కూడా. తర్వాత తల దించుకున్నాడు.

"నన్ను తిట్టొద్దక్కా. పోయిన నెల బావగారు వచ్చారు."

"ఏ బావగారు?"

"మన బావగారే. డైరెక్టరు గారితో గంటసేపు మాట్లాడారు. నేను టచప్ బాక్సు కోసం వెళితే వినబడింది."

ఆయన. నా మొగుడు. నా వెలుగు తగ్గించే మనిషి.

ఇంటికొచ్చి అడిగితే దాచలేదు. ఏ పొరపాటు చేసినా దాచలేని మనిషి, అదొక్కటే మంచి గుణం.

"నువ్వు పడ్డావు. రగ్గు అన్నావు. నేను ఆ రగ్గు చూసొచ్చాను" అన్నారు. "డాక్టరు నరాల స్పెషలిస్టు దగ్గరికి చీటీ రాసిచ్చి ఆరు నెలలైంది. బీరువాలో పెట్టి తాళం వేశావు. రేపు సెట్టులో ఎవడో కుర్రాడు 'మీకు చెయ్యి వణుకుతోందండీ, ఇక రావద్దు' అంటే నువ్వు తట్టుకోగలవా? వాళ్ళు అనకముందే మర్యాదగా బయటికి తీసుకురమ్మన్నాను. అంతే."

"మేకుకు తగిలించడమేనా మర్యాద?"

"ఫోటో సంగతి నాకు తెలియదే."

"నాకు ఎక్కడా వణకదు!" అని అరిచాను. పక్కవాళ్ళింట్లో టీవీ శబ్దం తగ్గింది.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాను గానీ, ఇంట్లోనే ఉంటారనుకోలేదు.

జూన్ 10

ఆయనతో మాట్లాడలేదు.

జూన్ 11

ఇవాళా మాట్లాడలేదు. కాఫీ పెట్టి తలుపు దగ్గర ఉంచి వెళ్ళారు. తాగాను. తాగినంత మాత్రాన మాట్లాడినట్టు కాదు.

ఈ పెన్ను బాగాలేదు. మొదలుపెట్టినప్పుడు అక్షరాలు బాగానే ఉంటాయి, పంక్తి చివరికి వచ్చేసరికి చీమల్లా అయిపోతున్నాయి. కొత్తది తెప్పించాలి. ఎవరితో తెప్పించాలి, మాట్లాడటం లేదుగా.

జూన్ 12

నేను చేసిన సీరియల్ నేను ఎప్పుడూ చూడలేదు. నాటకాల వాళ్ళకు ఆ అలవాటు ఉండదు. మమ్మల్ని మేము చూసుకునే వీలు ఎక్కడిది? ఇవాళ షూటింగు లేదు, మాట్లాడే మనిషి లేడు, పాత ఎపిసోడ్లు పెట్టుకుని కూర్చున్నాను. చిలక నా ఫ్రేములో ఎంత జాగా కొట్టేసిందో లెక్క తేల్చుదామని.

మూడు గంటలు చూశాను.

నేను డైలాగు చెబుతున్నప్పుడు చిలక ఎక్కడో దూరంగా ఉంటుంది. నేను వేలు చూపించి గద్దిస్తాను, తాళాలు విసిరికొడతాను, కాగితం చింపుతాను. చెయ్యి రాయిలా ఉంది. నా డైలాగు అయిపోయి, ఎదుటివాళ్ళది మొదలై, నేను ఊరికే కూర్చుని వినాలి. అప్పుడు వస్తుంది చిలక. పక్కన కూర్చుని నా కుడి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంటుంది. ప్రతిసారీ. ఒక్కసారి కూడా ముందు కాదు, ఒక్కసారి కూడా ఆలస్యం కాదు.

ఒక ఎపిసోడ్లో చిలక లేదు. అందులో పెద్దకొడుకు రెండు నిమిషాలు మాట్లాడతాడు. నేను కుర్చీలో కూర్చుని వింటున్నాను. బొమ్మ వణుకుతోంది. టీవీ పాడైందనుకున్నాను, లేచి తట్టాను. పెద్దకొడుకు వణకడం లేదు. కుర్చీ వణకడం లేదు. నా ఒళ్ళో ఒక చెయ్యి ఉంది, బొటనవేలూ చూపుడువేలూ దేన్నో నలుపుతున్నట్టు ఆగకుండా ఆడుతున్నాయి. నేను మాత్రం ఏమీ ఎరగనట్టు పెద్దకొడుకు వైపు దర్జాగా చూస్తున్నాను.

ఆ రోజు ఏసీ బాగా పెట్టి ఉంటారు.

జూన్ 13

ఏసీ కాదు.

జూన్ 14

సెట్టుకు వెళ్ళి చిలకను మేకప్ గదిలోకి పిలిచి తలుపేశాను.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

దేని గురించో అడగకుండానే దానికి అర్థమైంది. "ఏడాది పైనే అయిందమ్మా."

"ఎవరు చెప్పారు నీకు పట్టుకోమని? దర్శకుడా?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి ఎవరడిగారు నిన్ను? జాలి పడమని అర్జీ పెట్టుకున్నానా? ముప్పై ఏళ్ళు స్టేజీ మీద నిలబడ్డదాన్ని. నిన్నగాక మొన్న కెమెరా ముందుకొచ్చిన పిల్ల నన్ను దాచిపెట్టడమా!"

చిలక ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, దానికీ కోపం వచ్చింది.

"నా మొదటి రోజు గుర్తుందా మీకు? నాలుగు పేజీల డైలాగు. మూడో పేజీలో నాకు బుర్ర ఖాళీ అయిపోయింది. మీరు నా మీద కేకలేస్తున్నట్టు నటిస్తూ, నా డైలాగులో మాటలన్నీ మీ తిట్లలో కలిపేసి నాకు అందించారు. కట్ చెప్పాక డైరెక్టరు గారు మీరు డైలాగు మార్చేశారని మిమ్మల్నే తిట్టారు. మీరు నోరెత్తలేదు. అప్పుడు నేను జాలి పడమని మీకు అర్జీ పెట్టుకున్నానా?"

ఇంత మాట్లాడుతుందని తెలిసే కదా చిలక అని పేరు పెట్టింది. అది చెయ్యడం మా నాటకాల వాళ్ళకు అలవాటు, స్టేజీ మీద ఒకరికి మాట పోతే ఇంకొకరు అందించాలి, దిగాక ఆ సంగతి ఎత్తకూడదు. ఆ మొదటి రోజు సంగతి నాకు గుర్తు కూడా లేదు.

"సర్లే. ముక్కు తుడుచుకో" అన్నాను.

"నేనేం ఏడవడం లేదు."

"నీది కాదు, నాది. ఆ టిష్యూ ఇటివ్వు."

సాయంత్రం వెళ్ళేముందు మేకప్ తమ్ముడు చెప్పాడు. చిలక దర్శకుడి దగ్గరికి వెళ్ళి, అత్తగారి చావు సీను తీయకపోతే ఫోను పట్టుకుని ఏడవనందట. జారవిడవడానికి ఇంకెవరినైనా చూసుకోమందట. దర్శకుడు పూట ఇచ్చాడు. సరిగ్గా ఒక పూట. పదిహేడో తారీఖు.

గెలిచాను. ఇంటికొచ్చి ఆయనతో ఆ ఒక్క ముక్క చెప్పాను. అది మాట్లాడటం కాదు, సమాచారం.

జూన్ 17

ఆరు టేకులు. రాయను.

జూన్ 18

రాస్తాను. రాయకపోతే రగ్గు అంటాను, ఏసీ అంటాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఎన్నాళ్ళు?

మంచం వేశారు. గుండె జబ్బుతో పోయినట్టు మార్చారు, చెల్లెలి పీడ విరగడైంది. నా డైలాగులు బాగా వచ్చాయి, అందరూ అన్నారు. తల పక్కకు వాల్చాను. కళ్ళు మూశాను. పదకొండు వందల సార్లు చేసిన పని. ఇక నా పని ఏమీ చేయకుండా ఉండటమే.

మంచం కోళ్ళు టకటకమని చప్పుడు చేశాయి. మైకు అతను చెవుల మీది హెడ్‌ఫోను సర్దుకున్నాడు.

"కట్. ఒకసారి రిలాక్స్ అవండమ్మా."

రిలాక్స్ అయితే ఎక్కువవుతోంది. బిగబడితే భుజం దాకా పాకుతోంది. చెయ్యి నడుము కింద పెట్టుకున్నాను, నడుము కదిలింది. దిండు కింద పెట్టుకున్నాను, దిండు కదిలింది. చిలక పక్కకొచ్చి చెయ్యి పట్టుకోబోయింది. "వద్దు" అన్నాను. శవానికి సాయమా? ఎవరి సాయమూ లేకుండా ఈగను మోశాను నేను. ఆరోసారి కళ్ళు మూసుకుని ఉండగానే దర్శకుడి గొంతు వినబడింది, చాలా మెత్తగా. "అమ్మా, పోనీ దుప్పటి కప్పేద్దాం. లేదా చివర్లో ఫోటో వేసుకుందాం."

లేచి వచ్చేశాను. మేకప్ తీయించుకోలేదు. దారిలో ఆటో అతను అద్దంలోంచి రెండుసార్లు చూశాడు.

ఇవాళ పొద్దున్న ఆయన చొక్కాకు గుండీ ఊడి ఉంది. కోపంగా ఉన్నా సరే గుండీ లేకుండా తిరిగితే నలుగురూ నన్నే అంటారు. సూది తీశాను. ఒక్క దెబ్బకు దారం ఎక్కింది. నాలుగు కుట్లు వేసి ముడి బిగించి, కొరికి తెంపాను. ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"చూశారా!" అన్నాను. తొమ్మిది రోజుల తర్వాత మొదటి మాట. "ఈ చెయ్యేనా వణికేది? సూదిలో దారం ఎక్కించింది ఈ చెయ్యేనా కాదా?"

"ఈ చెయ్యే" అన్నారాయన. "సూది పక్కన పెట్టు."

పెట్టాను. చెయ్యి ఒళ్ళో పడింది. అయిదు అంకెలు లెక్కపెట్టేలోపు వేళ్ళు మొదలెట్టాయి.

"మళ్ళీ తీసుకో."

తీసుకున్నాను. ఆగిపోయింది.

ఇద్దరం ఆ చెయ్యి వైపే చూస్తూ ఉండిపోయాం. అంటే దీనికి పని కావాలి. పని చెబితే బుద్ధిగా ఉంటుంది, ఊరికే కూర్చోమంటే గోల చేస్తుంది. అచ్చం నాలాగే. అలాంటి చేతిని తీసుకెళ్ళి శవంలా పడుకోమంటే ఎలా పడుకుంటుంది?

దర్శకుడికి ఫోను చేశాను. "మంచం తీసెయ్యి బాబూ. నేను పడుకుని చావను. పని చేస్తూ చేస్తూ ఆగిపోతాను. ఆగిన మరుక్షణం నువ్వు కట్ చెప్పు. పది నిమిషాలు చాలు."

"ఏం పనమ్మా?"

"కోడలికి తల దువ్వుతాను."

జూన్ 20

రైటరు రెండు పేజీల డైలాగు పంపాడు. క్షమాపణలు, దీవెనలు, వంశ గౌరవం. చావబోయే మనిషి అంత మాట్లాడదయ్యా అన్నాను. నాటకంలో నేనే మాట్లాడాను, నిజమే. నాటకంలో వెనక వరసకు వినబడాలి.

వరండా సెట్టు. నాకు వెనక్కి వాలే కుర్చీ. చిలక నా కాళ్ళ దగ్గర పీట మీద, కెమెరాకు ఎదురుగా. కెమెరాకు ముందు దాని ముఖం, వెనకగా నేను. కొత్త దువ్వెన ఇచ్చారు, వద్దని మేకప్ తమ్ముడి దగ్గర పాతది తీసుకున్నాను.

మొదలైంది. పాయ తీశాను. చివరి నుంచి చిక్కు విప్పుకుంటూ పైకి వచ్చాను. ఐదేళ్ళుగా తిట్టుకున్న అత్తా కోడళ్ళకు ఇంకేం మాటలుంటాయి? "ఇన్ని చిక్కులేమిటే, తల దువ్వుకునే తీరిక కూడా లేదా?" అన్నాను. "మీరు పనులు చెబుతుంటే తీరికెక్కడిది అత్తయ్యా" అంది. "చెప్పేవాళ్ళు ఉండగానే చేసుకోవాలి" అన్నాను. ఇవి కాగితం మీద లేవు. చెయ్యి తిన్నగా పోతోంది. దువ్వెన పళ్ళు జుట్టులో దిగుతున్న చప్పుడు నాకే వినబడుతోంది. ఎంత సేపు దువ్వానో తెలియదు. ఇంకాసేపు దువ్వాలనిపించింది, నిజం చెబుతున్నాను.

తర్వాత ఆగిపోయాను. తల కుర్చీకి వాలిపోయింది. చెయ్యి దువ్వెనతో సహా దాని తల మీద ఉండిపోయింది.

కట్ చెప్పాలి. చెప్పలేదు.

కళ్ళు మూసుకుని లెక్కపెట్టుకుంటున్నాను. ఒకటి. రెండు. మూడు. దర్శకుడా, చెప్పవయ్యా. నాలుగు. వేళ్ళలో మొదలైంది. దువ్వెన కదులుతోంది, జుట్టు కదులుతోంది. అయిపోయింది, ఏడో టేకు కూడా పోయింది అనుకున్నాను.

"అత్తయ్యా, ఆపేశారేం?" అంది చిలక.

వెనక్కి తిరగలేదు. తిరిగితే చెయ్యి జారి కెమెరాకు కనబడుతుంది. మరోసారి "అత్తయ్యా" అంది, ఈసారి గొంతు తెగిపోయింది. తల వెనక్కి వాల్చి నా మోకాళ్ళకు ఆనించింది. నా చెయ్యి దాని తలకూ నా మోకాలికీ మధ్య ఇరుక్కుంది. అప్పుడు వణకడం మొదలుపెట్టింది పిల్ల. భుజాలు, మెడ, తల, మొత్తం. నా చెయ్యి ఎలా ఆడుతోందో సరిగ్గా అలాగే, అంతే వేగంతో. నా చెయ్యి ఎక్కడ ఆగిందో, దాని ఏడుపు ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు.

ఎప్పటికో "కట్" అన్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేకప్ తమ్ముడు స్పాంజి పట్టుకుని వచ్చి, చచ్చినదాని ముఖానికి చెమట అద్దాడు.

"ఎందుకు ఆపలేదు?" అని దర్శకుణ్ణి అడిగాను.

"మర్చిపోయానమ్మా" అన్నాడు. నమ్మాలో లేదో తెలియడం లేదు.

జూలై 3

ఆ ఎపిసోడ్ వేశారు ఇవాళ.

మేమిద్దరం చూశాం. ఒక్క ముక్క కోయలేదు. పాలవాడు రాలేదు. అయిపోగానే ఆయన లేచి హాల్లో లైటు వేయడానికి వెళ్ళి, వేయకుండా స్విచ్ దగ్గరే నిలబడిపోయారు.

ఫోన్లు మొదలయ్యాయి. మొదట మా ఆడపడుచు. "వదినా, ఆ అమ్మాయి ఎంత బాగా చేసిందో! అత్త పోయిందని తెలియగానే ఎలా వణికిపోయింది!" తర్వాత మా ట్రూపులో హార్మోనియం వాయించే ఆయన. "ఆ వణుకు చూశావా? ఈ కాలం పిల్లల్లో కూడా ఇంత నటన ఉందన్నమాట." ఆ తర్వాత ఇంకో నలుగురు. ఆరుగురికి ఆరుగురూ ఆ పిల్ల వణుకే. ఇన్నేళ్ళకు తెర మీద నేను చస్తే, ఆ చచ్చింది ఎవరో ఒక్కరికీ పట్టలేదు.

చిలక కూడా ఫోను చేసింది. ఏడుపు, నవ్వు కలిసి వస్తున్నాయి. "అమ్మా, అందరూ నన్నే పొగుడుతున్నారు. ఏం చెప్పమంటారు?"

"ఏం చెప్పకు. స్టేజీ దిగాక ఎత్తకూడదు" అన్నాను, పెద్దరికంగా.

ఫోను పెట్టానో లేదో పక్కింటావిడ వచ్చింది, కళ్ళు ఒత్తుకుంటూ. "ఏమండీ, మీరు కూడా బాగానే చేశారు లెండి. కానీ ఆ పిల్ల! అబ్బ, ఆ వణుకు..."

పెద్దరికం అంతటితో సరి. ఎంతసేపని ఓర్చుకుంటాను?

"ఆ వణుకు దానిది కాదండీ!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే ఆవిడ గుమ్మం పట్టుకుంది. "ఆ పిల్ల నన్ను చూసి చేసింది. అసలుది నాది. ఏడాదిన్నర నుంచి నాది. కావాలంటే చూడండి!"

కుడి చెయ్యి ఆవిడ ముఖం ముందు పెట్టాను, ఏ పనీ చెప్పకుండా. అది చూపించింది.

స్విచ్ దగ్గర ఆయన లైటు వేశారు. లోపలికి వెళ్ళారు, డాక్టరు చీటీ ఉన్న బీరువా తాళం తిరిగిన చప్పుడైంది.

నేను వద్దనలేదు.